సరిసమానం కాని ఆత్మకూర్లు

ఆత్మకూరు అనగానే "ఏ ఆత్మకూరు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. నెల్లూరు జిల్లాలో ఒకటుంది, అనంతపురం జిల్లాలో ఒకటుంది. తెలంగాణలో వనపర్తి, హనుమకొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో తలా ఒకటుంది. సూర్యాపేట దాన్ని ఆత్మకూర్ ఎస్ అనీ, యాదాద్రి దాన్ని ఆత్మకూర్ ఎం అనీ తోక తగిలించి మరీ పిలుస్తారు. నేను చెప్పేది నల్లమల అంచున, కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా దోర్నాలకు పోయే దారిలో ఉన్న ఆత్మకూరు. 2022 ఏప్రిల్ 4 దాకా అది కర్నూలు జిల్లా, ఆనాటి నుంచి నంద్యాల జిల్లా.

కర్నూలులో బస్సెక్కి "ఆత్మకూరు ఒకటి" అంటే కండక్టరు మారు మాట్లాడకుండా టికెట్టు కొడతాడు. ఆ బస్సు పోయే దారే ఆ ఊరేదో చెబుతుంది. బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్‌కు దారులతో పని లేదు. ఫారంలో మనం రాసిన ఊరి పేరును తన దగ్గరున్న పేరు పక్కన పెట్టి, మొదటి నుంచి చివరి దాకా సరిచూసి, అవునో కాదో తేల్చేస్తుంది. ఆ జవాబును బట్టి ఇఫ్ అనే మాట కింద రాసిన పని జరుగుతుంది, లేదా జరగదు. ఇంత చిన్న పనికి ఆ భాషలో రెండు గుర్తులున్నాయి: రెండు గీతల జంటలది ఒకటి, మూడు జంటలది ఒకటి. ఒకే పనికి రెండెందుకు వచ్చాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

సమానానికి రెండు అడ్డగీతల గుర్తు పెట్టినవాడు వేల్స్ దేశస్థుడు రాబర్ట్ రికార్డ్. అది 1557. ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలకన్నా సమానమైనవి ఇంకేముంటాయన్నది ఆయన వాదం. నాలుగు వందల ఏళ్ల పాటు ఆ గుర్తుకు ఒకటే ఉద్యోగం. కంప్యూటర్ భాషలు వచ్చాక దానికి రెండు పనులు పడ్డాయి. ఒక పేరుకు విలువ ఇవ్వడం మొదటిది, రెండు విలువలు ఒకటేనా అని చూడటం రెండోది. ఆల్గాల్ 60 అనే భాష విలువ ఇవ్వడానికి := అని వేరే గుర్తు పెట్టి, సరిచూసే పనికి పాత గుర్తునే ఉంచింది. న్యాయంగా ఆ పద్ధతే నిలవాల్సింది. కానీ 1969 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బి అనే భాష రాస్తూ దాన్ని తిరగేశాడు. ప్రోగ్రాముల్లో విలువలిచ్చే పనే ఎక్కువసార్లు పడుతుంది గనుక పొట్టి గుర్తు దానికి పోయింది, సరిచూడటానికి == మిగిలింది. బి నుంచి సి, సి నుంచి జావా, ఆ పోలికతో జావాస్క్రిప్ట్ అదే ఆస్తిని పంచుకున్నాయి.

ఆ పొదుపుకు మనం కడుతున్న వడ్డీ ఇదీ. ఇఫ్ తరవాత బ్రాకెట్లో

ఊరు == "ఆత్మకూరు"

అని రాయబోయి ఒక గీతల జంట మరిచిపోయి

ఊరు = "ఆత్మకూరు"

అని రాశారనుకోండి. జావాస్క్రిప్ట్ తప్పు పట్టదు. ఊరు అనే పేరుకు ఆత్మకూరు అనే విలువ ఇచ్చేస్తుంది. ఖాళీగా లేని ఏ స్ట్రింగైనా, అంటే కోట్ల మధ్య రాసిన ఏ అక్షరాల వరుసైనా, దాని లెక్కలో నిజమే కాబట్టి ఇఫ్ లోపలి పని కూడా చేసేస్తుంది. ఫారం నింపినవాడు నంద్యాల నుంచి వచ్చినా నార్వే నుంచి వచ్చినా ఆత్మకూరు వాస్తవ్యుడైపోతాడు. (ఇక్కడ 'ఊరు' అని తెలుగులో రాసింది సరదాకు కాదు. వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవడానికి ఆ భాష ఎప్పటినుంచో ఒప్పుకుంటుంది. ఇఫ్ లాంటి సొంత మాటలు మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి.)

1995 ఏప్రిల్‌లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కంపెనీలో చేరాడు. బ్రౌజర్లో స్కీమ్ లాంటి భాషను పెట్టవచ్చునన్న ఆశ చూపి తీసుకున్నారు. తీరా చేరాక, చూడటానికి జావాలా ఉండాలని పైవాళ్లు షరతు పెట్టారు. మే నెలలో పది రోజుల్లో మొదటి నమూనా తయారైంది. దాని ముద్దుపేరు మోకా. తరవాత లైవ్‌స్క్రిప్ట్ అయింది, డిసెంబరులో సన్ మైక్రోసిస్టమ్స్‌తో కలిసి చేసిన ప్రకటనతో జావాస్క్రిప్ట్ అయింది.

జావా వేషం వేసినా స్ట్రింగుల దగ్గర మాత్రం ఐక్ జావా బాట పట్టలేదు. అది మన అదృష్టం. సి భాషలో రెండు స్ట్రింగుల మధ్య == పెడితే అవి మెమరీలో ఒకే చోట ఉన్నాయా అని చూస్తుంది, లోపలి అక్షరాల జోలికి పోదు. జావాలోనూ అంతే, అక్షరాలు చూడాలంటే ఈక్వల్స్ అనే వేరే పద్ధతిని పిలవాలి. జావా నేర్చుకునే పిల్లలు మొదటి సెమిస్టరులో తప్పకుండా తినే దెబ్బ ఇది. జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగు కూడా అంకెలాగే విలువ. రెండు స్ట్రింగుల నడుమ == పెడితే అక్షరాలనే చూస్తుంది. ప్రోగ్రామరు కానివాడు కూడా ఇఫ్ రాసుకోగలగాలన్న ఆ భాష ఉద్దేశానికి అదే సరైన దారి.

నమూనా బయటికి వచ్చిన కొత్తల్లో == కచ్చితంగానే ఉండేది. అటువైపు అంకె, ఇటువైపు స్ట్రింగ్ ఉంటే కాదనేది. నెట్‌స్కేప్ లోపల దాన్ని వాడి చూసినవాళ్లకు ఇది చిరాకు తెప్పించింది. వెబ్ సర్వరు పేజీ దొరకలేదని చెప్పే 404 సంకేతం ఒకచోట అంకెగా వస్తుంది, ఇంకోచోట స్ట్రింగుగా వస్తుంది. రెండూ 404 అయినప్పుడు సమానమనడానికి ఏం రోగం అని అడిగారు. ఐక్ ఒప్పుకుని సడలించాడు. అలా ఒప్పుకోవడం పొరపాటేనని తరవాత ఎన్నో ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పుకున్నాడు.

ఆయన తనను తాను మరీ ఎక్కువ నిందించుకున్నాడని నాకనిపిస్తుంది. అడిగినవాళ్ల బాధ నిజమైనది. వెబ్ ఫారంలో మనం ఏది రాసినా, వయసైనా మార్కులైనా ఫోన్ నంబరైనా, జావాస్క్రిప్ట్ చేతికి వచ్చేది స్ట్రింగే. ఆ మాట గుర్తు లేకపోతే ఏమవుతుందో మన పదో తరగతి లెక్కతో చూడండి. పాస్ మార్కు 35. విద్యార్థికి వచ్చింది 100. రెండూ ఫారం గడుల నుంచి వచ్చి స్ట్రింగులుగానే ఉన్నప్పుడు

"100" < "35"

అని అడిగితే నిజమేనంటుంది. స్ట్రింగుల్లో చిన్నాపెద్దా చూడటమంటే నిఘంటువులో మాటలు పేర్చినట్టు మొదటి అక్షరం దగ్గరే తేల్చడం. ఒకటి మూడుకన్నా ముందొస్తుంది గనుక వందకు వంద తెచ్చుకున్న పిల్ల ఫెయిలు. 9 మార్కులవాడు పాసు. అదే ఒకవైపు కోట్లు తీసేసి 35ను అంకెగా రాస్తే, రెండోవైపు స్ట్రింగును కూడా అంకెగా మార్చుకుని లెక్క సరిగ్గా చెబుతుంది. ఎదుటివాడి రకాన్ని బట్టి తన తీరు మార్చుకునే గుణం ఈ భాష రక్తంలో ఉంది. == సడలింపు కూడా ఆ గుణానికి పొడిగింపే.

చిక్కు ఎక్కడంటే, సడలింపుకు అంతు లేకుండా పోయింది. ఖాళీ స్ట్రింగును అంకెగా మార్చితే సున్నా వస్తుంది, కాబట్టి "" == 0 నిజం. "0" == 0 కూడా నిజమే. కానీ "" == "0" అబద్ధం, ఎందుకంటే రెండూ స్ట్రింగులైనప్పుడు మార్పిడి ఉండదు, అక్షరాలే చూస్తుంది. ఇద్దరూ మూడోవాడికి సమానమై, తమలో తాము సమానం కాకుండా పోయారు. ఊరి పేరు రాయకుండా వదిలేసిన గడి సున్నాతో సమానమైపోతే ఏ లెక్క నిలుస్తుంది?

ఐక్ దీన్ని వెనక్కి తీసుకోవాలని చూశాడు. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ 4 బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ 1.2 అని ప్రత్యేకంగా పేర్కొన్న పేజీలకు == మళ్లీ కచ్చితమైంది. కానీ అప్పటికే ఆ భాష ఒక్క నెట్‌స్కేప్‌ది కాదు. 1996 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3లో జేస్క్రిప్ట్ పేరుతో దాన్ని దింపింది. ఎక్మా అనే ప్రమాణాల సంస్థలో అదే ఏడాది నవంబరు నుంచి కమిటీ కూర్చుంది. 1997 జూన్‌లో వెలువడ్డ మొదటి ప్రమాణంలో == పాత సడలింపుతోనే స్థిరపడింది. లోకంలో అప్పటికే రాసి ఉన్న పేజీలు విరిగిపోకూడదన్నదే కారణం. నెట్‌స్కేప్ కూడా 1.3లో దారికొచ్చింది. పుట్టి రెండేళ్లు నిండీ నిండని భాష తన గతాన్ని మార్చుకోలేని స్థితికి అప్పుడే చేరింది.

మార్చలేనిదాని పక్కన కొత్తది పెట్టడమొక్కటే మిగిలిన ఉపాయం. 1999 డిసెంబరు నాటి మూడో ప్రమాణంలో మూడు జంటల గుర్తు === చేరింది. రకం వేరైతే మార్పిడి లేదు, సమానం కాదు, అంతే. అదే ప్రమాణంలో ఉన్న స్విచ్ అనే వాక్యం కూడా లోపల మూడు జంటల లెక్కే వాడుతుంది. 2008లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన పుస్తకంలో రెండు జంటల దాన్ని అసలు ముట్టుకోవద్దని చెప్పాడు. 2013లో నికొలస్ జాకస్ మొదలుపెట్టిన ఈఎస్‌లింట్ అనే పరికరంలో దాన్ని పట్టుకుని తిట్టడానికే ఒక నియమం ఉంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ కోచింగ్ సెంటరుకు పోయినా మొదటి వారంలోనే ఈ హితబోధ వినిపిస్తుంది. దాంతోపాటు చెప్పడం మరిచిపోయే సంగతి ఒకటుంది: రెండువైపులా స్ట్రింగులే ఉన్నప్పుడు == కు, === కు రవ్వంత తేడా లేదు. ఊరి పేరును ఊరి పేరుతో పోల్చేటప్పుడు ఏది రాసినా ఒకటే. మూడో జంట చేర్చగానే పోలిక పక్కాగా జరిగిపోతుందనుకోవడం భ్రమ.

ఎందుకంటే మన చిక్కులు రకాల దగ్గర లేవు, రాతల దగ్గర ఉన్నాయి. ఆత్మకూరు అని మనం రాస్తాం, ఆత్మకూర్ అని తెలంగాణలో రాస్తారు. 1999 కమిటీ సాయం ఇక్కడికి చేరదు.

జావాస్క్రిప్ట్ పుట్టినప్పుడు తెలుగు రాతకు అందులో చోటే లేదు. 1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ మొదటి సంచికలోనే మన లిపికి గడులు కేటాయించినా బ్రౌజర్లు అందుకోవడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు చేసుకున్నాయి. తెర మీద తెలుగు కనిపించేది, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తుల కలగాపులగం. రెండు పత్రికల పేజీల్లో ఆత్మకూరు అన్న మాట ఒకేలా కనిపించినా వాటిని పోలిస్తే ఒక్క అక్షరం కలిసేది కాదు.

అమెరికాలోని తెలుగువాళ్లు ఇంకో దారి వేసుకున్నారు. టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారు చేశారు. అందులో చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. ఇంగ్లీషు పేర్లు పోల్చేటప్పుడు అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చి చూడటం జావాస్క్రిప్ట్‌లో మొదటి నుంచీ ఉన్న అలవాటు, అందుకు టులోవర్‌కేస్ అనే పద్ధతి ఉంది. ఆర్‌టీఎస్ రాత మీద దాన్ని ప్రయోగిస్తే ఆటలు కాస్తా ఆతలు అవుతాయి, కళలు కలలైపోతాయి.

ఆ ఫాంట్ల గోలనుంచి పాఠకుణ్ని బయటపడేసింది కూడా జావాస్క్రిప్ట్‌లో రాసిన పనిముట్లే. వెన్న నాగార్జున చేసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ తొడుగు పత్రికల ఫాంటు రాతలను యూనికోడ్ తెలుగులోకి మార్చేది. దాని ఆధారంగా వీవెన్ 2006లో లేఖిని చేశాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు వచ్చే ఆ పేజీ వెనకాల జరిగేదంతా స్ట్రింగులు సరిచూడటమే. ఈ కొట్టిన తునక పట్టికలో ఉందా, ఉంటే దాని తెలుగు గుర్తు ఏది, తరవాతిది హల్లా అచ్చా, హల్లయితే మధ్యలో పొల్లు పెట్టాలా. మొదటి తరం తెలుగు బ్లాగుల్లో చాలా భాగం ఆ ఇఫ్‌ల గుండా నడిచి వచ్చినవే.

యూనికోడ్ వచ్చాక గొడవ తీరిందా అంటే సగమే తీరింది. ఆత్మకూరు మన కంటికి నాలుగు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ను పొడవెంత అని అడిగితే ఎనిమిది అంటుంది: ఆ, త, పొల్లు, మ, క, దీర్ఘ కొమ్ము, ర, కొమ్ము. ఆత్మకూర్ కూడా ఎనిమిదే. ఏడు గడులు ఒకటే, చివరిదానిలో ఒకరికి కొమ్ము, మరొకరికి పొల్లు. ఆ ఒక్క గడి చాలు కాదనడానికి.

ఇంతకన్నా గమ్మత్తైనది ఐత్వం. ఆత్మకూరు నుంచి శ్రీశైలం అడవిలోకి పోయే దారిలో బైర్లూటి అని చెంచుల ఊరుంది. దాని మొదటి అక్షరాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. బ తరవాత ఐత్వానికి ఉన్న ఒకే గడి పెట్టడం ఒకటి. పైన ఎత్వం, కింద ఐత్వపు తోక అని రెండు గడులుగా విడగొట్టి పెట్టడం ఇంకొకటి. తెర మీద రెంటికీ వెంట్రుకవాసి తేడా కనబడదు. రెండూ ఒకటేనని యూనికోడే చెబుతుంది. === మాత్రం కాదంటుంది, == కూడా కాదంటుంది. శ్రీశైలానికీ ఇదే గతి. రెండింటినీ ఒకే రూపానికి తెచ్చే నార్మలైజ్ అనే పద్ధతి జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి 2015 జూన్‌లో వచ్చింది. భాష పుట్టిన ఇరవై ఏళ్లకు. అదీ అడిగితేనే, పోలిక తనంతట తాను ఆ పని చేయదు.

ఇక కంటికి కనబడకుండా రెండు అక్షరాల మధ్య కూర్చునే గడి ఒకటుంది. పొల్లు తరవాతి హల్లు వత్తుగా మారకుండా అడ్డుకునే ఈ గుర్తు మన కీబోర్డులు వాడేదే. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లు కూలబడ్డాయని ప్రపంచమంతా గగ్గోలు పుట్టిందే, అందులో పాత్రధారి ఈ కనబడని గడే. ఆపిల్ కొన్ని రోజుల్లో సరిచేసింది. పోలికలో మాత్రం అది ఈనాటికీ లెక్కకొస్తుంది, నార్మలైజ్ కూడా దాన్ని తీసేయదు.

సడలింపు ఇవ్వాల్సిన చోటు ఇది కాదూ? 404 అంకెకూ 404 స్ట్రింగుకూ తేడా లేదన్న ఉదారత, ఒకటే బైర్లూటిని రెండు చేసి కూర్చుంది. ఇంకా విడ్డూరం, ౩౫ అని తెలుగు అంకెల్లో రాసి 35తో == పెట్టి చూడండి. ఏ స్ట్రింగునైనా అంకెగా మార్చుకుంటానని ఆత్రపడే ఆ గుర్తు ఇక్కడ చేతులెత్తేస్తుంది. దానికి ఇంగ్లీషు అంకెలే అంకెలు. నెట్‌స్కేప్ ఆఫీసులో ఎవరో అడిగితే ఇచ్చిన వరం గనుక వాళ్ల అవసరమంత మేరకే ఉంది. అడిగినవాళ్లలో తెలుగు రాసేవాడు లేడు.

వరుసల విషయంలో మాత్రం కొంత మేలు జరిగింది. 1988లో, మళ్లీ 1991లో మన దేశపు ఇస్కీ ప్రమాణం భారతీయ లిపులన్నిటికీ ఒకే పట్టిక చేసి, దేవనాగరిలో ల పక్కన ఉన్న ళను అన్ని లిపుల్లోనూ అక్కడే పెట్టింది. యూనికోడ్ ఆ వరుసను అలాగే తీసుకుంది. బడిలో మనం నేర్చుకున్న వరుసలో ళ వచ్చేది హ తరవాత. కాబట్టి < గుర్తుతో పేర్చితే కళ్యాణదుర్గం ముందూ కసాపురం వెనకా వస్తాయి, బడి వరుసలో కసాపురమే ముందు. లోకల్‌కంపేర్ అనే పద్ధతి 1999లోనే ఉన్నా భాషను బట్టి వరుస మార్చే ఏర్పాటు ప్రమాణంగా వచ్చింది 2012 డిసెంబరులో. తెలుగు అని చెప్పి అడిగితే అది ళను హ తరవాతకు చేరుస్తుంది.

కూరునూ కూర్‌నూ ఒకటనే గుర్తు మాత్రం ఆ భాషలో లేదు. ఉచ్చారణను బట్టి పేర్లు కలిపే సౌండెక్స్ పద్ధతికి 1918లోనే అమెరికాలో పేటెంటు వచ్చింది గానీ అది ఇంగ్లీషు చెవికి చేసింది. మనం రాసుకోవాల్సిందే. ముందు అటూ ఇటూ ఖాళీలు తీసేయాలి, నార్మలైజ్ చేయాలి, కనబడని గడిని ఏరేయాలి, చివరి కొమ్మునో పొల్లునో కత్తిరించాలి, ఆ తరవాత === పెట్టాలి. నెల్లూరు నెల్లూర్‌తో, కర్నూలు కర్నూల్‌తో కలుస్తాయి. తోక లేని ఆత్మకూర్లూ కూడా కలిసిపోతాయి. అది విప్పడానికి తపాలా శాఖ 1972లో పెట్టిన పిన్ కోడు ఉంది, మన ఆత్మకూరుది 518422, నెల్లూరు వైపుది 524322. జిల్లా మారినా అది మారలేదు. కాకపోతే ఫారం నుంచి వచ్చిన పిన్ స్ట్రింగు, డేటాబేసులోది ఒక్కోసారి అంకె. 404 గొడవ మళ్లీ ఎదురవుతుంది. రెండుచోట్లా స్ట్రింగుగానే దాచుకుంటే సరి. పిన్ కోడును ఎవరూ కూడరు, తీసేయరు.